కందుకూరి వారింట్లో రాజ్యలక్ష్మమ్మ కథ కూడా చెప్పాలి

సంపాదకుల వారికి నమస్కారం.

రాజమండ్రి వంకాయలవారి వీధిలో ఉన్న కందుకూరి వీరేశలింగం పంతులు గారి ఇంటి గురించి రాస్తున్నాను. నేను తెలుగు టీచరుగా పనిచేసి రిటైరయ్యాను. సర్వీసులో ఉండగా ఎన్నోసార్లు పిల్లల్ని ఆ ఇంటికి తీసుకెళ్లాను. వెళ్లినప్పుడల్లా పంతులు గారి గురించే చెప్పేదాన్ని. 1848లో పుట్టారని, నాలుగేళ్లకే తండ్రి పోయారని, 1874లో వివేకవర్ధని పత్రిక పెట్టారని, 1881 డిసెంబరు 11న ఈ ఇంట్లోనే తొలి వితంతు వివాహం జరిపించారని. పిల్లలు నోట్సు రాసుకునేవారు. ఆ పెళ్లికి వంట ఎవరు చేశారో మాత్రం ఒక్కసారీ చెప్పలేదు. ఆ బాధ ఇప్పుడు నన్ను వదలడం లేదు.

పెళ్లికొడుకు గోగులపాటి శ్రీరాములు, పెళ్లికూతురు గౌరమ్మ అనే బాల వితంతువు. కాకినాడ నుంచి పైడా రామకృష్ణయ్య గారు డబ్బు సాయం చేశారు. పంతులు గారి శిష్యులు అండగా నిలబడ్డారు. పోలీసు బందోబస్తు పెట్టాల్సి వచ్చింది. ఊరు ఆ ఇంటిని వెలివేసింది. వంటవాళ్లు రామన్నారు, నీళ్లు మోసేవాళ్లు మానేశారు. అప్పుడు పంతులు గారి భార్య రాజ్యలక్ష్మమ్మ గారు తానే గోదావరికి వెళ్లి నీళ్లు మోసుకొచ్చి, వచ్చినవాళ్లందరికీ వండి వడ్డించారు. నాలుగు రోజులకే అదే ఊళ్లో రెండో వితంతు వివాహం. మళ్లీ అదే చాకిరి.

మొన్న సెలవులకి మా మనవరాలు వచ్చింది. పుష్కరాల రేవుకి తీసుకెళ్లి ఈ కథ చెప్పాను. అయిదు లీటర్ల క్యాను నింపుకుని మెట్లెక్కుతూ సగంలోనే చేయి మార్చుకుంది. పైకొచ్చాక క్యాను కింద పెట్టి, ఎర్రగా కందిన అరచెయ్యి చూసుకుంటూ అడిగింది: "అమ్మమ్మా, ఆవిడ దారిలో ఎదురైనవాళ్లు ఏమీ అనలేదా?" అనకుండా ఉంటారా? బిందె చంకనెత్తుకుని, ఆ మాటలన్నీ వింటూ ఆవిడ ఎన్నిసార్లు తిరిగారో ఎవరు లెక్కపెట్టారు!

బాపమ్మ అన్న పుట్టింటి పేరు వదులుకుని రాజ్యలక్ష్మిగా వచ్చిన ఇల్లాలు ఆవిడ. సొంత పిల్లలు లేరు. ఆసరా కోసం వచ్చిన వితంతువులకు తల్లయ్యారు, వాళ్ల పురుళ్లు పోశారు. 1906లో పంతులు గారు హితకారిణి సమాజం అనే సేవా సంస్థను స్థాపించి ఆస్తి అంతా దానికి రాసిచ్చినప్పుడూ ఆవిడ పక్కనే ఉన్నారు. 1910లో కన్నుమూశారు. ఆయన 1919 దాకా ఉన్నారు. ఇద్దరి సమాధులూ ఈ ఊళ్లోనే, ఆనంద గార్డెన్స్‌లో ఉన్నాయి.

పంతులు గారి గొప్పతనం తగ్గించాలని ఈ మాట అనడం లేదు. ఆయన సభల్లో, పత్రికల్లో పోరాడారు. అదే పోరాటం వంటింట్లో, రేవు మెట్ల మీద ఆవిడ చేశారు. ఆ ఇంటికొచ్చిన పిల్లలకు రెండూ తెలియాలి. ముఖ్యంగా ఆడపిల్లలకి.

పురావస్తు శాఖ, నగరపాలక సంస్థ, విద్యాశాఖ అధికారులకు నా మనవి ఒక్కటే. ఏటా డిసెంబరు 11న నగరంలోని బడిపిల్లల్ని రేవు నుంచి ఆ ఇంటి దాకా నడిపించుకు వెళ్లాలి. గౌరమ్మ పెళ్లి కథ, రాజ్యలక్ష్మమ్మ గారి కథ అక్కడే, వాళ్లకి అర్థమయ్యే తెలుగులో చెప్పాలి. దీనికి పెద్ద బడ్జెట్ అక్కర్లేదు. చెప్పేవాళ్లు కావాలంటే నాలాంటి రిటైరైన టీచర్లు ఈ ఊళ్లో చాలామందే ఉన్నారు. పిలిస్తే పైసా తీసుకోకుండా వస్తాం. మా ఇంట్లో మా అత్తగారి నాటి ఇత్తడి బిందె ఉంది. నిండా నీళ్లు పోస్తే ఎంత బరువుంటుందో పిల్లలు ఎత్తి చూడటానికి అదీ తెస్తాను.

ఇట్లు,
ఒక విశ్రాంత తెలుగు ఉపాధ్యాయిని,
రాజమహేంద్రవరం