ఏడవనివ్వండి

ప్రియమైన తల్లిదండ్రులకు,

నమస్కారం. మార్కుల జాబితాలు సోమవారం పిల్లల చేతికిస్తాం. ఈ నెల చదువు కబుర్లు అంతే. దసరా సెలవుల తర్వాత మన బడి పిల్లల ఇళ్లలో మూడుచోట్ల చావు జరిగింది. ఈ ఉత్తరం దాని గురించే.

ఆరో తరగతి పిల్లవాడొకడు ప్రార్థన కాగానే నా గదికొచ్చాడు. "మేడం, మా నాయనంటే ఇష్టమని దేవుడు తీసుకెళ్లిపోయినాడంట. మా అమ్మన్నా ఇష్టమేనా ఆయనకి?" అన్నాడు. ఎవరో పెద్దవాళ్లు ఓదార్పుకని అన్న మాట. అది విన్నప్పటి నుంచి వాడు రాత్రిళ్లు నిద్రపోకుండా అమ్మకు కాపలా కాస్తున్నాడు.

మా క్రైస్తవుల ఇళ్లలో ఇలాంటి మాటలు మరీ తొందరగా వస్తాయి. మా అమ్మను రాయవేలూరు ఆసుపత్రి నుంచి తెచ్చిన బండి ఇంటిముందు ఆగిందో లేదో, "ప్రభువు దగ్గరికి పోయింది, విశ్వాసులు ఏడవకూడదు" అన్నారు. ఏడవలేదు. భూస్థాపనలో ఏడవలేదు, ఇంటివాళ్లను ఓదార్చడానికి పెట్టే ఆదరణ కూడికలో పాటలు కూడా పాడాను. ఎనిమిది నెలలకు, పోయినవాళ్ల సమాధుల మీద పూలు పెట్టే సమాధుల పండుగకని చామంతులు కొంటుంటే, పూలామె "ఎవురికమ్మా?" అంది. అంతే, బజార్లోనే ఏడ్చేశాను. ఆమె బైబిలు ఎరిగిన మనిషి కాదు. మూర కొలవడం ఆపి నా చెయ్యి పట్టుకుంది. ఒక్క మాటా అనలేదు. బైబిల్లో, బిడ్డలందర్నీ పోగొట్టుకున్న యోబు దగ్గరికొచ్చిన స్నేహితులు ఏడు పగళ్లు, ఏడు రాత్రులు అలాగే ఊరకే కూర్చున్నారు. నోరు తెరిచాకే చెడగొట్టారు.

"నిరీక్షణలేని ఇతరులవలె మీరు దుఃఖపడకుండు నిమిత్తము" అని బైబిల్లో అపొస్తలుడు పౌలు రాసిన మాటలో (నిరీక్షణంటే ఆశ) మొదటి ముక్క వదిలేసి, రెండోదే పట్టుకుంటాం మనం. ఏడవద్దని ఆయన అనలేదు. చనిపోయిన తన స్నేహితుడు లాజరును లేపడానికే వెళ్తున్నానని యేసు శిష్యులతో ముందే చెప్పాడు. అయినా, సమాధిలో పెట్టి నాలుగు రోజులయ్యాక ఆ ఊరి దగ్గరికి వెళ్లి, లాజరు తోబుట్టువు మరియ ఏడుపు చూసి, "యేసు కన్నీళ్లు విడిచెను." కాసేపట్లో లేస్తాడని తెలిసినవాడే ఏడిస్తే, పదకొండేళ్ల బిడ్డను ఊరుకోమనడానికి మనమెవరం? నా విశ్వాసంలో నాకు దొరికిన ఆదరణంతా ఆ మూడు మాటల్లోనే ఉంది.

ఆ అబ్బాయితో ఇదే చెప్పాను: "మీ నాయన జబ్బు చేసి పోయాడు. దేవుడు నువ్వేడిస్తే పక్కన కూర్చుంటాడు. అమ్మ బాగానే ఉంది, సాయంత్రం గేటు దగ్గరికొస్తుంది." వాడు ఏడ్చిన ఏడుపుకు లెక్కల పీరియడు పోయింది. పోనీ.

హిందువుల ఇళ్లలో, ముస్లిముల ఇళ్లలో వేరే దినాలు, వేరే మాటలు ఉంటాయి. అవి మీవి, వాటి జోలికి నేను రాను. పిల్లలతో మాత్రం "నిద్రపోయింది", "ఊరెళ్లాడు" అనకండి. నిద్రంటేనే భయపడతారు, లేదా వాకిట్లో ఎదురుచూస్తారు.

నవంబరు 2న, సమాధుల పండుగనాడు, సమాధుల దగ్గరికి పిల్లల్ని తీసుకెళ్లవచ్చా అని ఇద్దరు తల్లులు అడిగారు. వస్తామంటే తీసుకెళ్లండి, కొవ్వొత్తి వాళ్లనే వెలిగించనివ్వండి. రామంటే అవ్వ దగ్గరో పిన్ని దగ్గరో ఉంచండి.

ఇంట్లో ఎవరైనా పోతే క్లాసు టీచరుకు ఫోను చేయండి, బడి వ్యాను డ్రైవరుకూ ఒక మాట చెప్పండి. పొద్దున్నే బిడ్డను ముందుగా చూసేది ఆయనే. బడికి రాని రోజుల నోట్సు మేం రాయిస్తాం.

ఇట్లు,
ప్రధానోపాధ్యాయురాలు,
చిత్తూరు