ఒంటిపూట బడి రోజుల్లో ఒక మధ్యాహ్నం

విజయవాడ,
మార్చి 28

ప్రియమైన రామానికి,

నీ ఉత్తరం సంక్రాంతికి అందితే ఒంటిపూట బడులు మొదలయ్యాక జవాబు రాస్తున్నాను కాబట్టి, క్షమించమని అడిగే మొహం కూడా నాకు లేదు. అమ్మ మోకాళ్ల నొప్పులు కాస్త తగ్గాయి, నా బదిలీ మళ్లీ ఆగింది, శ్రీమతి క్షేమం. ఇవన్నీ అటుంచు. మొన్న గురువారం మా అమ్మాయి నన్ను ఇంట్లోకి రానివ్వలేదు.

అమ్మ తెనాలిలో చెల్లి దగ్గర ఉంది, మేమిద్దరం ఆఫీసుల్లో ఉంటాము, బడి పన్నెండున్నరకే వదిలేస్తారు. పదేళ్ల పిల్లను నాలుగు గంటలపాటు ఒంటరిగా ఉంచవచ్చా అన్నది నెలరోజులుగా మా ఇంట్లో తెగని వాదన. మీ మేరీలాండులో ఎనిమిదేళ్లలోపు పిల్లలను ఒంటరిగా వదలకూడదనీ, తోడుండే మనిషికి కనీసం 13 ఏళ్లు నిండాలనీ చట్టమే చెబుతుందని నువ్వు రాశావు. ఇక్కడ అటువంటి గీత ఏదీ లేదు. 2015 నాటి బాలల న్యాయ చట్టం పిల్లలను నిర్లక్ష్యం చేస్తే శిక్ష అంటుంది కానీ, ఎన్నేళ్లకు తాళంచెవి చేతికివ్వాలో చెప్పదు. ఏడేళ్లకే మనం కాలవగట్టు మీద తిరిగేవాళ్లమన్నది నిజమే కానీ, అప్పుడు వీధిలో ప్రతి అరుగు మీదా ఒక ముసలమ్మ కూర్చుని మనల్ని కాపలా కాసేది. ఈ మూడో అంతస్తులో అరుగెక్కడిది?

అందుకని నియమాలు పెట్టాను. గ్యాసు రెగ్యులేటరు మేమే కట్టేసి వెళ్తాము. తెలియని నంబరు ఎత్తకూడదు. ఎవరు తలుపు తట్టినా నాన్నగారు స్నానం చేస్తున్నారని చెప్పాలి. దెబ్బ తగిలినా, పొగ కనిపించినా ఎదురింటి పిన్నిగారి దగ్గరికి పరుగెత్తాలి. మాకైనా సంకేతపదం చెప్తేనే గడియ తీయాలి. ఏ ఆపదకైనా 112, పిల్లల సహాయానికి 1098, గ్యాసు లీకుకు 1906 కంఠస్థం చేయించాను. సంకేతపదం ఏమిటో నీకు వేరే చెప్పాలా? హాస్టలు వార్డెను ముందు నువ్వు పెట్టుకున్న ఆ దొంగపేరే.

మూడు రోజులు సవ్యంగా గడిచాయి. నాలుగో రోజు నా సెల్‌ఫోనులో చార్జింగు అయిపోవడంతో మంగళగిరి ఆఫీసు ఫోను నుంచి ఇంట్లో ఉంచిన పాత ఫోనుకు చేశాను. ఎత్తలేదు. ఆరుసార్లు చేశాను. పిన్నిగారి నంబరేమో చచ్చిన సెల్లులో ఉండిపోయింది. అనుమతి అడిగానో లేదో కూడా గుర్తు లేదు; వారధి మీద లారీల వెనక ఆగినంతసేపూ నేను ఊహించుకున్నవి నీకు రాయను.

అపార్టుమెంటులో కరెంటు లేదు. లిఫ్టు లేదు, బెల్లు మోగదు. మెట్లన్నీ ఎక్కి తలుపు బాదాను. లోపల స్టూలు జరిపిన చప్పుడు, కన్నంలోంచి చూసినట్టుంది కానీ వరండా అంతా చీకటి. తరువాత, చాలా మర్యాదగా, “నాన్నగారు స్నానం చేస్తున్నారండీ, తరువాత రండి” అన్న జవాబు వచ్చింది.

“అమ్మా, నేనే నాన్నను” అన్నాను.

“గొంతు నీలాగే ఉంది. కానీ మాట చెప్పాలిగా?”

రామం, నీ దొంగపేరు నాకు గుర్తు రాలేదు! ఇరవై రెండేళ్లుగా తలచుకుని నవ్వుకుంటున్న పేరు! వార్డెను పేరు చెప్పాను, మెస్సులో వంటమనిషి పేరు చెప్పాను, అన్నింటికీ “అది కాదు” అనే జవాబు. పిన్నిగారు బయటికి వచ్చి, చెమటలు కారుతూ మూసిన తలుపుకు ఎవరెవరి పేర్లో అప్పజెబుతున్న నన్ను చూసి కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నారు. చివరికి ఎలాగో తట్టింది.

లోపల బల్లమీద ఫిబ్రవరి క్యాలెండరు కాగితం వెనకవైపు పెన్సిలుతో ఇలా రాసి ఉంది: “1:50 పెరుగన్నం తిన్నాను. 2:10 కరెంటు పోయింది. 2:15 తెలియని నంబరు, ఎత్తలేదు. మళ్లీ అదే. 2:40 కొంచెం భయం వేసింది. 2:50 పోయింది.” పోయింది ఏమిటని అడిగితే, భయమేననీ, కరెంటు ఎప్పుడో పోయింది కదా అనీ అంది. మరి పిన్నిగారి దగ్గరికి వెళ్లలేకపోయావా అన్నాను.

“దెబ్బ తగిలితే వెళ్లమన్నావు. భయం వేస్తే వెళ్లమని చెప్పలేదుగా?”

ఆ పది నిమిషాలూ ఏం చేశావని నేను ఇంతవరకూ అడగలేదు. శ్రీమతి ఈ ఏడాదికి చాలు, అమ్మను పిలిపిద్దాం అంటోంది. పిల్లేమో సోమవారం నుంచి మళ్లీ ఉంటానంటోంది. నేను శుక్రవారమూ ఈ రోజూ సెలవు పెట్టి కూర్చున్నాను, సోమవారం మాత్రం... కింద బడి బస్సు హారను వినిపిస్తోంది, దిగాలి. అన్నట్టు సంకేతపదం మార్చేసిందట, కొత్తది నాకింకా చెప్పలేదు.

నీ
మూర్తి