పొద్దున్నే ఊగే బండ్లు: ఇకనుంచి ముందు రోజు సాయంత్రమే వదలండి

అమలాపురం, ముమ్మిడివరం, అంబాజీపేట వైపు నుంచి మా షెడ్డుకు బండ్లు తెచ్చే అందరికీ నమస్కారమండి.

మంచు మొదలైన దగ్గర్నుంచి ఫోన్లో ఒకటే మాట: "పొద్దున్నే స్టార్ట్ చేస్తే ఇంజన్ ఊగిపోతోంది, ఐదు నిమిషాలయ్యాక మామూలైపోతోంది." ఈ కంప్లయింటు ఉన్న బండిని ఇకమీదట ముందు రోజు సాయంత్రం ఏడింటిలోపు వదిలితేనే తీసుకుంటాం. పదింటికి నడుపుకుంటూ తెస్తే ఇంజన్ కాగిపోయి ఉంటుంది, లోపం కనపడదు. అప్పుడు అంచనా మీద ప్లగ్గులు, వాటికి కరెంటిచ్చే కాయిల్స్ మార్చి బిల్లు వెయ్యాలి. అది మాకు ఇష్టం లేదు.

చల్లటి ఇంజన్‌కి ఇంజన్ కంప్యూటర్ కూలెంట్ (రేడియేటర్లో తిరిగే ద్రవం) వేడి చెప్పే సెన్సర్‌ని చూసి ఎక్కువ పెట్రోలు ఇస్తుంది, ఆర్‌పీఎం 1200 పైన ఉంచుతుంది. సైలెన్సర్ వైపున్న ఆక్సిజన్ సెన్సర్ వేడెక్కేదాకా పనిచెయ్యదు. కాబట్టి ఎక్కడైనా అదనపు గాలి లీకై లోపలికొచ్చి పెట్రోలు చాలకపోతే దాన్ని సరిచేసే దిక్కు ఆ కాసేపు ఉండదు. సెన్సర్ వేడెక్కగానే కంప్యూటర్ పెట్రోలు పెంచి లోపాన్ని కప్పేస్తుంది, ఆర్‌పీఎం 700-850 దగ్గర స్థిరపడుతుంది. ఆర్‌పీఎం ముల్లు కదలకుండా నిలబడి, వేడిలోనూ బాడీ అదురుతుంటే అది వేరే జబ్బు. ఇంజన్‌ని బాడీకి పట్టి ఉంచే మౌంటింగులు చూడాలి.

పొద్దున్నే సెల్ఫ్ కొట్టకముందే స్కానర్ పెట్టి కూలెంట్ వేడి, లోపలికెళ్లే గాలి వేడి చూస్తాం. రాత్రంతా నిలిచిన బండిలో రెండూ దాదాపు సమానంగా ఉండాలి. ఐదు డిగ్రీలకు మించి తేడా ఉంటే ఒక సెన్సర్ తప్పు చెబుతోందని అనుమానించాలి. చాలా పెట్రోలు బండ్లలో కూలెంట్ సెన్సర్ 20 డిగ్రీల దగ్గర రెండు మూడు కిలో ఓమ్‌లు, 80 దగ్గర సుమారు 300 ఓమ్‌లు చూపిస్తుంది. మన దగ్గర సెన్సర్ బాగానే ఉండి కనెక్టర్ పిన్నులకు చిలుం పట్టడం మామూలు. అంతర్వేది, ఓడలరేవు వైపు ఉప్పుగాలికి తిరిగే బండ్లు, వరద నీళ్లలో నిలిచిన బండ్లు ముందు ఇక్కడే చూడాలి.

తర్వాత తాళం ఆన్ చేసి రెండు సెకన్లు ఆగి ఆఫ్ చేస్తాం, ఇలా మూడుసార్లు. అప్పుడు సాఫీగా స్టార్టయితే రాత్రి లైన్లో పెట్రోలు ప్రెషర్ దిగిపోతోందని అర్థం. పంపు దగ్గరి వాల్వు కావచ్చు, ఇంజెక్టర్ కారుతుండొచ్చు. ఇంజెక్టర్ కారితే ఒక్క ప్లగ్గు మాత్రమే తడిగా, నల్లగా వస్తుంది. స్కానర్లో మిస్సింగ్ (సిలిండర్ సరిగా మండకపోవడం) కోడ్ పి0302, అంటే రెండో సిలిండర్‌ది, వస్తే రెండో సిలిండర్ కాయిల్‌ని మూడో దానికి మారుస్తాం. కోడ్ పి0303 (మూడో సిలిండర్) అయితే కాయిల్ పోయినట్టే. మారకపోతే కాయిల్ కొనక్కర్లేదు.

గాలి లీకుకి పైపుల్లోకి పొగ పంపి, ఎక్కడ బయటికొస్తుందో చూపే పొగ మిషన్ పెడతాం. మండే స్ప్రే కొట్టి వెతికే పద్ధతి వేడి ఇంజన్ మీద నిప్పంటుకునే ప్రమాదం కాబట్టి వాడం. వేడెక్కాక పెట్రోలు సవరణ (కంప్యూటర్ పెట్రోలు ఎంత పెంచిందో, తగ్గించిందో స్కానర్ చూపే శాతం) ఐడ్లింగ్‌లో ప్లస్ 15 శాతం దాటి, 2500 ఆర్‌పీఎంలో సున్నా వైపు దిగితే లీకు దాదాపు ఖాయం. పీసీవీ పైపు (ఇంజన్ లోపలి ఆవిర్లను తిరిగి గాలి దారిలోకి పంపేది) పగుళ్లు, ఇన్‌టేక్ గాస్కెట్టు ముందు చూస్తాం. కోతలయ్యాక చేలల్లో ఎలకలు బోనెట్లలోకి చేరతాయి, పైపులూ వైర్లూ కొరుకుతాయి. వారానికోసారి బోనెట్ ఎత్తి చూసుకోండి.

ఇంజన్లోకి వెళ్లే గాలిని రేకుతో అదుపు చేసే త్రాటిల్ బాడీలో మసి పేరుకున్నా ఇదే గోల. దాన్ని ఇంట్లో శుభ్రం చేస్తే తాళం ఆన్‌లో ఉండగా రేకును వేలితో నెట్టొద్దు, మోటారు గేర్లు పాడవుతాయి. శుభ్రం చేశాక కంప్యూటర్‌కి ఐడ్లింగ్ మళ్లీ నేర్పించాలి.

సీఎన్‌జీ వాళ్లకి ప్రత్యేకంగా చెబుతున్నాం. చాలా సీఎన్‌జీ బండ్లు పెట్రోలు మీద స్టార్టయి తర్వాత గ్యాసుకి మారతాయి. ట్యాంకులో రెండు లీటర్లు ఉంచి నెలల తరబడి గ్యాసు మీదే తిప్పితే ఆ పెట్రోలు పాతబడుతుంది, ఇంజెక్టర్లలో జిగురు కడుతుంది. ఇప్పుడు కలిసే 20 శాతం ఇథనాల్ చెమ్మనీ లాగుతుంది. పావు ట్యాంకు ఉంచండి, వారానికోసారి పాతిక కిలోమీటర్లు పెట్రోలు మీదే నడపండి. చాలాసార్లు వైద్యం ఇంతే.

రేడియేటర్లో బోరు నీళ్లు పొయ్యొద్దు, మరీ ముఖ్యంగా ఉప్పు నీళ్ల ఊళ్లలో. అల్యూమినియం హెడ్డుని తినేస్తాయి. పొద్దున్న కాసేపు మిస్సింగ్, తెల్లటి పొగ, ఒక ప్లగ్గు మాత్రం కడిగినంత శుభ్రంగా ఉండి కూలెంట్ తగ్గుతుంటే హెడ్ గాస్కెట్టు నుంచి కూలెంట్ సిలిండర్లోకి దిగుతోందని గట్టి అనుమానం. అలాంటి బండిని వాడకుండా ఆపి ఫోన్ చెయ్యండి. డీజిల్ బండ్లకు, చల్లటి ఇంజన్‌ని వేడిచేసే గ్లో ప్లగ్గులు విడిగా చూస్తాం.

రాత్రి ఉంచి పరీక్ష చేసినందుకు ఆరు వందలు. రిపేరు మా దగ్గరే చేయిస్తే బిల్లులో తగ్గిస్తాం. వేరే చోట చేయించుకుంటామంటే రీడింగులన్నీ కాగితం మీద రాసిస్తాం. రోజుకి రెండు బండ్లే పెట్టగలం, సంక్రాంతి ముందు వారం చోటు దొరకడం కష్టం. బండి తీసుకునేటప్పుడు కూడా పొద్దున్నే రండి. చల్లారిన ఇంజన్ మీరే స్టార్ట్ చేసి చూసుకున్నాకే డబ్బులు ఇవ్వండి.