పిచ్చుక గూటికి బెజ్జం ఒకటింబావు అంగుళం చాలు

సంపాదకులకు నమస్కారం.

మార్చి 20 ప్రపంచ పిచ్చుకల దినోత్సవం. 2010 నుంచి జరుపుతున్నారు. ఆ రోజు మా ప్రొద్దుటూరులోనూ చెక్క గూళ్లు పంచుతుంటారు, మర్నాడు పేపర్లో ఫొటో వస్తుంది. మంచి పనే. కానీ పంచేముందు ఆ గూటి బెజ్జం ఎంతుందో ఎవరైనా కొలిచి చూస్తున్నారా?

నేను ఇంట్లోనే బట్టలు కుడతాను. మిషన్ కిటికీ పక్కనే కాబట్టి వరండాలో కట్టిన గూడు పొద్దంతా కళ్లముందే ఉంటుంది. నిరుడు మాకిచ్చిన గూటికి బెజ్జం రెండంగుళాల పైమాటే. దాని కింద పిట్ట నిలబడటానికని ఒక పుల్ల కూడా దిగ్గొట్టారు. మొదట పిచ్చుకలే వచ్చాయి. గొంతు కింద నల్లమచ్చ ఉన్న మగది గూటిమీద కూర్చుని ఆడదాని కోసం ఒకటే అరుపు. అది వచ్చి తొంగిచూసి, ఎగిరిపోయి, మళ్లీ వచ్చి, చివరికి ఒప్పుకుంది. రెండూ కలిసి గడ్డిపోచలు, కోడి ఈకలు, నా మిషన్ కింద రాలిన దారప్పోగులు మోసుకుపోయాయి. (కుట్టుపని చేసేవాళ్లకు ఒక మాట: పొడుగు దారాలు బయట పారేయకండి, పిట్టపిల్లల కాళ్లకు చుట్టుకుంటాయి.)

తర్వాత గోరింకల జంట దిగింది. ఒకటి ఆ పుల్లమీదే నిలబడి, తల లోపలికి పెట్టి, పిచ్చుకలు పేర్చిన గడ్డినంతా ముక్కుతో లాగి కింద పడేసింది. రెండోది కరెంటు తీగమీద కాపలా. మగ పిచ్చుక ఊరుకోలేదు, రెక్కలు విదిలించుకుంటూ మీదమీదికి పోయింది. తనకు నాలుగింతలు బరువుండే పక్షితో ఎంతసేపని కొట్లాడుతుంది? సాయంత్రానికి వరండా బండలమీద ఒక గుడ్డు పగిలి ఉంది. తెల్లటి పెంకుమీద గోధుమరంగు చుక్కలు. ఆ పూట నాకు మిషన్ తొక్కబుద్ధి కాలేదు.

మా వీధిలో వడ్రంగి పనిచేసే అన్న వచ్చి చూసి, పుల్ల పీకేశాడు. ఒక చెక్క ముక్కకు ఒకటింబావు అంగుళం, అంటే 32 మిల్లీమీటర్ల బెజ్జం వేసి పాత బెజ్జం మీద బిగించాడు. పిచ్చుక దూరడానికి అది సరిపోతుంది. గోరింక మళ్లీ వచ్చింది, తల పెట్టి చూసింది, భుజాలు పట్టలేదు. కాసేపు అరిచి వెళ్లిపోయింది. పిచ్చుకలు తిరిగొచ్చి అందులోనే పిల్లల్ని లేపాయి. మేము కట్టిన జొన్నకంకి పెద్ద పిట్టలు తిన్నాయి గానీ, పిల్లల నోటికి ఎక్కువగా తెచ్చింది మెత్తటి పురుగులే. అందుకే మా పెరట్లో చెట్లకు పురుగుమందు కొట్టనివ్వను.

ఇది చదివి గోరింకలమీద కోపం పెంచుకోవద్దని నా మనవి. ఆస్ట్రేలియాలో వాటిని పీడ అంటారు, అక్కడికి 1860లలో పురుగులు తింటాయని తీసుకెళ్లింది మనుషులే. ఇక్కడ అవి మన ఊరి పిట్టలు. తొర్రలున్న ముసలి చెట్లు రోడ్లకు పోయాయి, సందులున్న పాత మిద్దెలు కూలగొట్టి సిమెంటు ఇళ్లు కట్టుకున్నాం. అవి మాత్రం ఎక్కడికి పోతాయి? స్థలం ఉన్నవాళ్లు పెద్ద బెజ్జం గూడు ఒకటి వాటికీ దూరంగా కట్టండి.

గూళ్లు పంచే పెద్దలు ఈసారి వడ్రంగికి కొలత రాసిచ్చి చేయించాలి. మీరు కూడా ఆ ఫొటో కింద కొలత వేస్తే పదిమందికి తెలుస్తుంది. గూడు నీడపట్టున కట్టమని, రేకుల కింద వద్దని కూడా రాయండి. మన కడప ఎండలకు పిల్లలు లోపలే ఉడికిపోతాయి. ఇప్పటికే పెద్ద బెజ్జం గూడు ఉన్నవాళ్లు చెక్కముక్క బిగించాలంటే పిట్ట గుడ్లు పెట్టకముందే బిగించండి. గుడ్లు పెట్టాక గూటిని ముట్టుకోవద్దు.

ఇట్లు
ఒక పాఠకురాలు,
ప్రొద్దుటూరు, కడప జిల్లా.