మన కాలనీ సంక్షేమ సంఘం 2024-25 వార్షిక నివేదిక: పార్కు, మొక్కల పనులు

సభ్యులందరికీ నమస్కారం.

ఈ ఏడాది ఎక్కువ మంది అడిగింది పార్కు గురించే కాబట్టి ముందు అదే చెప్తాం. గోడ వెంట ఉన్న, బయటి దేశం నుంచి వచ్చిన కోనోకార్పస్ చెట్ల వరుసను జనరల్ బాడీలో ఒప్పుకున్నట్టే, అనుమతి తీసుకుని తీయించాం. ఏడాదంతా పచ్చగా ఉంటుంది, నిజమే, కానీ ఇన్నేళ్లలో దాని మీద ఒక పిట్ట గూడు కట్టడం మనం చూడలేదు. వానలు మొదలవగానే అక్కడ కానుగ, మోదుగ, మేడి, రేల, తంగేడు పెట్టాం. మోదుగ పూయాలంటే ఏళ్లు పడుతుంది, ఓపిక పట్టాలి. తంగేడు మాత్రం బాగా అందుకుంది, వచ్చే బతుకమ్మకి పూల కోసం ఊరి బయటికి పరిగెత్తే పని తగ్గుతుంది.

ఇక ఫిర్యాదుల సంగతి. కరివేపాకు, నిమ్మ మొక్కలకి పురుగు పట్టింది, మందు కొట్టించండని చాలా మంది ఫోన్ చేశారు. కొట్టించలేదు, ఇకముందూ కొట్టించం. చిన్నప్పుడు పిట్ట రెట్టలా కనిపించి, పెద్దయ్యాక పచ్చగా మారి, ముట్టుకుంటే తల దగ్గర ఎర్రటి కొమ్ముల్లాంటివి బయటపెట్టి ఘాటు వాసన వదిలే ఆ పురుగే తర్వాత మనం ఫోటోలు తీసుకునే నల్లటి పెద్ద సీతాకోకచిలుక. కరివేపాకు మళ్లీ చిగురిస్తుంది. పూల మొక్కలు ఎన్ని పెట్టినా సీతాకోకచిలుకలు తేనె తాగి వెళ్లిపోతాయి, గుడ్డు పెట్టాలంటే మాత్రం ఒక్కో రకానికి దానికి సరిపడే ఆకే కావాలి. రేల ఆకు ఒకదానికి, జిల్లేడు ఇంకోదానికి. జిల్లేడు పాలు కంట్లో పడితే ప్రమాదం కాబట్టి పిల్లలు ఆడే చోటుకి దూరంగా, వెనక కంచె దగ్గర మాత్రమే ఉంచాం.

లాన్ మొత్తం తీసేస్తారా అని కొందరు టెన్షన్ పడ్డారు. తీయం, పిల్లలు ఆడుకునే భాగం అలాగే ఉంటుంది. రాలిన ఆకుల్ని తగలబెట్టడం మాత్రం పూర్తిగా ఆపేశాం, మూల గుంతలో వేస్తే ఎరువు అవుతుంది, అందులోని పురుగుల కోసం గోరింకలు పొద్దున్నే దిగుతున్నాయి. పిట్టల నీళ్ల గిన్నెలు పెట్టినవాళ్లు రెండ్రోజులకోసారి కడిగి నీళ్లు మార్చండి, లేకపోతే దోమలు పెరిగి మళ్లీ మందు కొట్టమనే మాట వస్తుంది. తేనెపిట్ట గూడుని కలిపి కట్టేది సాలెపట్టుతోనే, అందుకే చెట్ల మీది సాలెగూళ్లు దులపొద్దని తోటమాలికి కూడా చెప్పాం.

ఖర్చుల లెక్కలు ఆఫీసు నోటీసు బోర్డులో ఉన్నాయి, చూసి అడగండి. కొత్త మొక్కలకి మొదటి రెండు ఎండాకాలాలు నీళ్లు తప్పనిసరి, అవి మన నేల మొక్కలే అయినా వేరు లోతుకి దిగేదాకా ఎండని తట్టుకోలేవు. ట్యాంకర్ రోజు పైపు పట్టడానికి ఇంటికి ఒకరు చొప్పున పేర్లు రాస్తున్నాం, బ్లాకు ప్రతినిధి దగ్గర మీకు వీలైన వారం చెప్పండి.

ఇట్లు,
కార్యవర్గం