వైఫై ప్రింటర్ సూచనల కార్డులోని లోపాలు, సర్వీసు చార్జీ వాపసు గురించి ఫిర్యాదు

హనుమకొండ

వినియోగదారుల సేవా విభాగం అధికారి గారికి,

విషయం: ఇంటి ప్రింటర్ వైఫైకి కలవకపోవడం, కలిసినా కరెంటు పోయి వచ్చాక 'ఆఫ్‌లైన్' చూపడం.

అయ్యా,

మీ ఇంక్‌ట్యాంక్ వైఫై ప్రింటర్ మీద ఇప్పటికి రెండుసార్లు ఫిర్యాదు ఇచ్చాను. రెండుసార్లూ 'కస్టమర్ నెట్‌వర్క్ సమస్య' అని రాసి మూసేశారు. రెండోసారి వచ్చిన టెక్నీషియన్ కంప్యూటర్‌లో ప్రింటర్‌ను నడిపే సాఫ్ట్‌వేర్ (డ్రైవర్) తీసేసి మళ్లీ వేశారు, అంతే. వారంటీ ఉన్నా విజిట్ చార్జీ తీసుకున్నారు. లోపం నెట్‌వర్క్‌లో లేదని కింద వివరాలతో చూపిస్తున్నాను. దయచేసి ఈ లేఖను కాల్ సెంటర్‌లో ఆపకుండా సాంకేతిక విభాగానికి పంపండి.

ఈ ప్రింటర్ 2.4 గిగాహెర్ట్జ్ వైఫైని మాత్రమే పట్టుకుంటుంది. ఆ మాట పెట్టె మీద లేదు, లోపల పెట్టిన కార్డులోనూ లేదు. ఇక్కడ ఫైబర్ కనెక్షన్ ఇచ్చేవాళ్లు 2.4, 5 గిగాహెర్ట్జ్ అనే రెండు బ్యాండ్ల (సిగ్నల్ శ్రేణుల) రూటర్ పెట్టి, రెండింటికీ ఒకే పేరు ఇచ్చి పోతున్నారు. రూటర్ ఉన్న గదిలో ఫోను 5 గిగాహెర్ట్జ్ మీదే ఉంటుంది, ప్రింటర్ దాన్ని పట్టుకోలేదు. మీ యాప్ సెటప్ మధ్యలో ఆగి 'పాస్‌వర్డ్ సరిచూసుకోండి' అంటుంది. పాస్‌వర్డ్ సరైనదే. తప్పు దారి చూపే ఆ ఒక్క వాక్యం వల్ల జనం రూటర్‌ను రీసెట్ చేసి, ఇంటర్నెట్ కూడా పోగొట్టుకుని కూర్చుంటున్నారు.

కార్డులో రాయాల్సింది ఇది: రూటర్ పేజీ తెరవాలి, చాలా రూటర్లకు అది 192.168.1.1. బ్యాండ్ స్టీరింగ్ (ఏ బ్యాండో రూటరే ఎంచే ఏర్పాటు) ఆపి 2.4కు వేరే పేరు పెట్టాలి. ఫోన్‌ను ఆ పేరుకు మార్చి, అప్పుడు యాప్‌తో ప్రింటర్‌ను కలపాలి. ఆ తర్వాత ఫోన్ మళ్లీ 5కు వెళ్లినా ప్రింట్ వస్తుంది, ఎందుకంటే రెండూ ఒకే రూటర్ కింద ఉన్నవే. గెస్ట్ నెట్‌వర్క్‌కు మాత్రం కలపకూడదు. అందులో ఒక పరికరానికి మరొకటి కనబడకుండా రూటర్ అడ్డుకుంటుంది.

రూటర్‌లో వైఫై సెక్యూరిటీ (రక్షణ పద్ధతి) 'డబ్ల్యూపీఏ3 మాత్రమే' అని ఉంటే ఈ ప్రింటర్ కలవదు. 'డబ్ల్యూపీఏ2, ఏఈఎస్' పెడితే కలుస్తుంది. యాప్ పనిచేయకపోతే రూటర్ మీది డబ్ల్యూపీఎస్ బటన్ (పాస్‌వర్డ్ కొట్టకుండా కలిపేది) నొక్కి రెండు నిమిషాల్లో ప్రింటర్ బటన్ నొక్కమని మీ కార్డు చెబుతోంది. కానీ డబ్ల్యూపీఏ3 పెట్టిన రూటర్‌లో డబ్ల్యూపీఎస్ పనిచేయదు, అంటే మీరు చూపిన రెండో దారి కూడా మూసుకుపోయినట్టే. మరో సంగతి, రూటర్ తనంతట తాను 2.4 బ్యాండ్‌లోని భాగాల్లో (ఛానళ్లలో) 12 లేదా 13 ఎంచుకున్నప్పుడు ఈ ప్రింటర్ జాబితాలో నెట్‌వర్క్ పేరే రావడం లేదు. 1, 6, 11లో ఏదో ఒకటి స్థిరంగా పెడితే వస్తోంది. మన దేశంలో 13 ఛానళ్లూ వాడుకోవచ్చు. ఇక్కడ అమ్మే యంత్రంలో అవి పనిచేయాలి.

అసలు బాధ కరెంటుతో. ఎండాకాలంలో రోజుకు ఎన్నిసార్లు పోయి వస్తుందో మీ వరంగల్ డీలర్లను అడిగినా చెబుతారు. కరెంటు రాగానే ప్రింటర్ అర నిమిషంలో సిద్ధమవుతుంది. ఫైబర్ రూటర్ లేవడానికి రెండు మూడు నిమిషాలు కావాలి. ప్రింటర్ ఈలోగా వెతికి, దొరక్క ఊరుకుంటుంది, మళ్లీ ప్రయత్నించదు. అప్పుడు నెట్‌వర్క్ వివరాల కాగితం తీస్తే ఐపీ అడ్రసు (నెట్‌వర్క్‌లో ప్రింటర్‌కుండే నంబరు) 169.254తో మొదలవుతుంది, అంటే రూటర్ నుంచి అడ్రసు అందలేదన్నమాట. రూటర్ పూర్తిగా లేచాక ప్రింటర్ ఆన్ చేస్తే ప్రతిసారీ కలుస్తోంది.

కలిసినా ఒక్కోసారి రూటర్ కొత్త అడ్రసు ఇస్తుంది. మీ ఇన్‌స్టాలర్ కంప్యూటర్‌లో పాత అడ్రసునే పట్టుకుని ఉంటుంది కాబట్టి ప్రింటర్ 'ఆఫ్‌లైన్' అని చూపుతుంది. డ్రైవర్ మళ్లీ వేస్తే కొత్త అడ్రసు పడి పని జరుగుతుంది, తర్వాతి పవర్‌కట్‌తో కథ మొదటికొస్తుంది. మీ టెక్నీషియన్ చేసి పోయింది ఇదే. శాశ్వతంగా పోవాలంటే రూటర్‌లో ప్రింటర్ మ్యాక్ అడ్రసుకు (యంత్రానికి మారకుండా ఉండే గుర్తింపు నంబరుకు) ఒక ఐపీని, ఉదాహరణకు 192.168.1.50ని, రిజర్వ్ చేయాలి. విండోస్‌లో ప్రింటర్ ప్రాపర్టీస్, పోర్ట్స్‌లోకి వెళ్లి ఆ అడ్రసుతో స్టాండర్డ్ టీసీపీ/ఐపీ పోర్ట్ (కంప్యూటర్ నుంచి ప్రింటర్‌కు దారి) కట్టాలి. అక్కడే కాన్ఫిగర్‌లో 'ఎస్‌ఎన్‌ఎంపీ స్టేటస్' (ప్రింటర్ స్థితిని కంప్యూటర్ అడిగే పద్ధతి) టిక్ తీసేయాలి, లేకపోతే ప్రింటర్ పనిచేస్తున్నా ఆఫ్‌లైన్ అని చూపే అవకాశం ఉంది. క్యూలో ఇరుక్కున్న ఫైళ్లు పోవాలంటే ప్రింట్ స్పూలర్ (క్యూను నడిపే విండోస్ సర్వీసు) ఆపి, విండోస్ ఫోల్డర్‌లో సిస్టమ్32, స్పూల్, ప్రింటర్స్‌లో ఉన్నవి తుడిచి, స్పూలర్ మళ్లీ మొదలుపెట్టాలి.

కింద రూటర్, స్లాబు పైన ప్రింటర్, పక్కన ఇనుప బీరువా ఉంటే సిగ్నల్ తగ్గుతుంది, కాదనను. కానీ ప్రింటర్‌ను రూటర్‌కు ఆరడుగుల దూరంలో పెట్టినా పైన రాసినవన్నీ అలాగే జరిగాయి. పొద్దున పరీక్ష ఉన్న పిల్లకు హాల్‌టికెట్ తీయాల్సిన వేళ ఇవన్నీ తెలుసుకుని చేసుకొమ్మనడం అన్యాయం. ఇంట్లో ప్రింటర్ ఉండీ జిరాక్స్ సెంటర్ ఎప్పుడు తెరుస్తారా అని ఎదురుచూడాల్సి వస్తోంది.

విజిట్ చార్జీ తిరిగి ఇవ్వండి. రూటర్ దొరికేదాకా ప్రింటర్ వెతుకుతూనే ఉండేలా ఫర్మ్‌వేర్ (ప్రింటర్ లోపలి సాఫ్ట్‌వేర్) సరిచేయండి. పెట్టె మీద '2.4 గిగాహెర్ట్జ్ మాత్రమే' అని పెద్దక్షరాలతో వేయండి. సూచనల కార్డు తెలుగులో కూడా ఇవ్వండి, అందులో పవర్‌కట్ తర్వాత ఏం చేయాలో ఉండాలి. మూసేసిన రెండు ఫిర్యాదులనూ తెరిచి, కారణం రాతపూర్వకంగా తెలపండి.

15 రోజుల్లో జవాబు రాకపోతే 1915 జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్‌లో నమోదు చేసి, 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్తాను. కొనుగోలుదారు నివసించే చోటే కేసు వేయడానికి ఆ చట్టం వీలు కల్పిస్తోంది. ప్రింటర్ బిల్లు, విజిట్ చార్జీ రసీదు, కరెంటు పోకముందు ఒకటి, వచ్చాక ఒకటి తీసిన నెట్‌వర్క్ వివరాల కాగితాలు ఈ లేఖకు జతచేశాను.

ఇట్లు,
మీ వినియోగదారు,
హనుమకొండ