పాత నంబరు ఉంటుందన్నారు, పని తగ్గుతుందన్నారు: మీ ప్యాకేజీపై మా ఫిర్యాదు

కస్టమర్ సర్వీస్ హెడ్ గారికి,

విషయం: ఇంటర్నెట్ మీద నడిచే కాల్స్, చాట్, వీడియో మీటింగులు కలిపి మాకు అమ్మిన బిజినెస్ ప్యాకేజీ రద్దు, మిగిలిన కాలానికి కట్టిన డబ్బు వాపసు గురించి.

నమస్కారం.

మాది విజయవాడ ఆటోనగర్‌లో లారీ, ట్రాక్టర్ స్పేర్ పార్టుల హోల్‌సేల్ వ్యాపారం. గుంటూరు, ఏలూరు, ఖమ్మంలో బ్రాంచీలున్నాయి. బేరమంతా ఫోన్ మీదే. షట్టర్ తీసిన దగ్గర్నుంచి మెకానిక్కులు, ఊళ్లలో షాపులవాళ్లు చేస్తూనే ఉంటారు. క్లచ్ ప్లేటు ఉందా, రేటెంత, సాయంత్రం ట్రాన్స్‌పోర్టుకు వేస్తారా అని. మేం ఎత్తకపోతే ఇంకో షాపుకు చేస్తారు. ఆటోనగర్‌లో షాపులకేం కొదవ?

ఇదంతా మీ సేల్స్ మేనేజర్‌కి మొదటి రోజే చెప్పాం. "మీ 0866 నంబరు అలాగే ఉంటుంది సార్, మీరెక్కడున్నా మోగుతుంది" అని ఆయన చెప్పారు. ఆ మాట మీదే సంవత్సరం డబ్బు ముందుగా కట్టాం. దేశమంతటా 2011 జనవరి నుంచి ఉన్న పోర్టబిలిటీ, అంటే నంబరు మారకుండా కంపెనీ మారే వీలు, సెల్ నంబర్లకే. ల్యాండ్‌లైన్ నంబరును ఇంకో కంపెనీకి మార్చుకునే వీలు మన దేశంలో లేదు. ఈ వ్యాపారంలో ఉన్న మీకు ఇది తెలియకపోవడం ఉండదు. మీరు చేసిందల్లా పాత లైనుకు కాల్ ఫార్వర్డింగ్ పెట్టించి, దాన్ని మీ కొత్త నంబరుకు తిప్పడం. దాంతో పాత లైను అద్దె ఆగలేదు, ఫార్వర్డ్ అయిన కాల్స్ ఖర్చు దానికి తోడైంది, పైన మీ బిల్లు. చాలాసార్లు చేసినవాళ్ల నంబరు బదులు మా నంబరే స్క్రీన్ మీద పడేది. లైను కట్ అయితే తిరిగి ఎవరికి చేయాలి?

మేం చేసే కాల్స్ సంగతి ఇంకా ఘోరం. అవతల మీ కొత్త నంబరు కనిపిస్తుంది. మచిలీపట్నంలో ఏళ్ల తరబడి మా దగ్గర సరుకు తీసుకుంటున్నాయన, లోన్లు అమ్మేవాళ్లేమో అనుకుని మా కాల్ ఎత్తడం మానేశారు. వసూళ్లకు వెళ్లిన మా అబ్బాయికి ఆయనే చెబితే తెలిసింది.

తర్వాత ఒకవైపు మాట సమస్య వచ్చింది. మేం మాట్లాడేది అవతలివాళ్లకు వినపడుతుంది, వాళ్లది మాకు వినపడదు. మీ హెల్ప్‌డెస్క్ ప్రతిసారీ ఒకటే చెప్పింది: ఇంటర్నెట్ స్పీడ్ పెంచుకోండి. మాటను డేటాగా మార్చే మామూలు పద్ధతి (జీ.711 కోడెక్) మీద ఒక వాయిస్ కాల్‌కు ఒక్కోవైపు 90 కేబీపీఎస్ లోపే పడుతుంది. పది కాల్స్ ఒకేసారి నడిచినా 1 ఎంబీపీఎస్ దాటదు. మాది 100 ఎంబీపీఎస్ ఫైబర్ లైను. చివరికి మా వీధిలో కెమెరాలు బిగించే కుర్రాడు రౌటర్ సెట్టింగుల్లోకి వెళ్లి ఇంటర్నెట్ కాల్స్ డేటాలో వేలుపెట్టే సిప్ ఏఎల్‌జీ అనే సెట్టింగ్ ఆపేశాడు. అంతే, మాట రెండువైపులా వచ్చింది. ఇంటర్నెట్ ఫోన్లలో ఇలా ఒకవైపే మాట వినపడినప్పుడు ముందు చూడాల్సిన వాటిలో అదొకటని అతనే చెప్పాడు. మీవాళ్లు టికెట్టు మీద టికెట్టు మూసేశారే గానీ రౌటర్ ఏ కంపెనీదని ఒక్కరూ అడగలేదు. అతనికి మేమిచ్చిన డబ్బు నిజానికి మీ ఖాతాలో రాయాలి.

సోమవారం ఉదయం బేరాల వేళ మీ సర్వీసు పడిపోయిన రోజు కూడా ఉంది. పరిహారం అడిగితే, 99.9 శాతం సమయం సర్వీసు నడుస్తుందన్న హామీ లోపలే ఉందన్నారు. నిజమే, ఆ లెక్కన నెలకు 43 నిమిషాలు ఆగిపోయినా మీరు మాట తప్పినట్టు కాదు. అమ్మేటప్పుడు ఈ నిమిషాల లెక్క చెప్పి ఉంటే షాపులో ఫోన్లన్నిటినీ కలిపే మా పాత ఈపీఏబీఎక్స్ మిషను అసలు తీయించేవాళ్లమే కాదు.

ఇవన్నీ ఎలాగో భరించాం. అసలు కోపం తెప్పించింది ప్రతి వారం మీరు పంపే ఉత్పాదకత రిపోర్టు.

మేం అడక్కుండానే మొదలైంది అది. ఎవరు ఎన్ని మెసేజ్‌లు పెట్టారు, ఎంతసేపు పేరు పక్కన పచ్చ చుక్క వెలిగింది, ఎన్ని మీటింగుల్లో ఉన్నారు అని మార్కులు వేస్తుంది. మా గోడౌన్ ఇన్‌చార్జి గారికి అన్నిటికంటే తక్కువ వచ్చాయి. ఏ ర్యాక్‌లో ఏ బేరింగ్ ఉందో కంప్యూటర్ తెరవకుండా చెప్పగల మనిషి ఆయన. పొద్దంతా నిచ్చెన మీద ఉంటే మౌస్ ఎవరు కదుపుతారు? కాసేపటికి చుక్క పసుపైపోతుంది, మనిషి సీట్లో లేనట్టు లెక్క. ఎక్కువ మార్కులొచ్చింది గ్రూపులో పొద్దున్నే గుడ్ మార్నింగ్ బొమ్మలు పెట్టే కుర్రాడికి. మామిడికాయల తూకం చూసి ఊరగాయ రుచి చెప్పినట్టుంది మీ పద్ధతి.

నవ్వి ఊరుకునేవాళ్లం. కానీ ఆ రిపోర్టు బ్రాంచి మేనేజర్లందరికీ వెళ్లింది. గోడౌన్ పెద్దాయన నా దగ్గరికి వచ్చి, "బాబూ, నేను సరిగా పనిచేయట్లేదని కాగితం వచ్చిందట" అన్నారు. ఆయన మా నాన్నగారి హయాం నుంచి ఉన్నారు. ఏం చెప్పాలో తోచలేదు. ఆ వారం నుంచి మా స్టాఫ్ చుక్క పచ్చగా ఉంచడానికి మధ్యమధ్యలో వచ్చి యాప్ తెరిచి పోతున్నారు. కౌంటర్‌లో మనిషి నిలబడి ఉంటే ఇటు ఈ టెన్షన్.

ఇప్పుడు అందరూ సొంత వాట్సాప్‌లోనే రేట్లు పంపుకుంటున్నారు. మీ యాప్ మోగాలంటే ఫోన్‌లో బ్యాటరీ ఆదా సెట్టింగ్ ఆపాలి, ఆపితే సాయంత్రానికి చార్జింగ్ ఉండదు. వీడియో మీటింగుకు డీలర్లను పిలిస్తే యాప్ దించుకోమంటుంది, వాళ్లు దించుకోరు. దీన్నంతా మీ మేనేజర్ "స్టాఫ్ అలవాటు పడకపోవడం" అని మెయిల్‌లో రాసి, డబ్బు కట్టి ట్రైనింగ్ తీసుకోమన్నారు. పనికి అడ్డొచ్చేదాన్ని పక్కన పెట్టడానికి మావాళ్లకు ట్రైనింగ్ అక్కర్లేదు.

ఇక మేం కోరేవి. ఈ ప్యాకేజీని వెంటనే రద్దు చేసి, మిగిలిన నెలల మొత్తాన్ని 18 శాతం జీఎస్టీతో సహా సర్దుబాటు చేసి, క్రెడిట్ నోట్ ఇచ్చి, వాపసు వేయండి. పని మానేసి వెళ్లినవాళ్ల పేర్ల మీద వేసిన యూజర్ చార్జీలు కూడా అందులో కలపండి, వాళ్లను తీసేయమని రాసిన మెయిల్స్ మీ దగ్గరే ఉన్నాయి. ఆటోమేటిక్ రెన్యువల్ ఆపండి. ఉత్పాదకత రిపోర్టును ఈ రోజే ఆపి, ఇంతవరకు పోగుచేసిన వివరాలను తుడిచేసినట్టు రాసివ్వండి.

కాల్ రికార్డింగులు, చాట్‌లు మామూలుగా తెరుచుకునే ఫైళ్ల రూపంలో మాకిచ్చాకే మీ సర్వర్ల నుంచి తీసేయాలి. అవి ఎక్కడ దాచారు, మీ ఆఫీసులో ఎవరెవరు వినగలరు అన్నది కూడా రాతపూర్వకంగా చెప్పండి. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా పరిరక్షణ చట్టం ప్రకారం, మా తరఫున మీరు దాచినా పూచీ మాదే.

రెండు వారాల్లో జవాబు రావాలి. ఫోన్ చేసి మాట్లాడదామనుకుంటే మా పాత 0866 నంబరుకే చేయండి. ఫార్వర్డింగ్ తీయించేశాం, ఇప్పుడు అది కౌంటర్‌లోనే మోగుతోంది.

ఇట్లు,
మేనేజింగ్ పార్ట్‌నర్
ఆటోనగర్, విజయవాడ

జతపరిచినవి: ఇన్వాయిస్ నకలు, సేల్స్ మేనేజర్ మెయిల్స్, మూసేసిన టికెట్ల వివరాలు, పాత లైను బిల్లులు